మెలట్టూరు భాగవతమేళ: వేసవి ఉత్సవంలో పాట, హాస్యం, ప్రేక్షకుడు

ప్రవేశిక

ఏటా వైశాఖ శుద్ధ చతుర్దశి, అనగా నృసింహ జయంతి నాటి రాత్రి, తంజావూరు జిల్లాలోని మెలట్టూరు గ్రామంలో వరదరాజస్వామి ఆలయం ఎదుటి వీథిలో 'ప్రహ్లాద చరిత్రము' అనే తెలుగు నాటకం ప్రదర్శితమవుతుంది. తరువాతి రాత్రులలో 'హరిశ్చంద్ర', 'మార్కండేయ చరిత్రము', 'ఉషాపరిణయము' వంటి నాటకాలు వస్తాయి. వీటి రచన తెలుగు, దరువు తెలుగు, సంవాదం తెలుగు. చూసేవారిలో అత్యధికులకూ, ఆడేవారిలో చాలామందికీ ఇంటి భాష తమిళం.

ఈ నాటకాలను తెలుగు సాహిత్య చరిత్ర ప్రధానంగా వాఙ్మయంగా పరిగణించింది. ఎస్వీ జోగారావు 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర', నిడదవోలు వేంకటరావు 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము' వంటి గ్రంథాలు వేసిన బాటలో కర్త, కాలం, కృతుల పట్టిక, ఛందోవైవిధ్యం అనే అంశాలు స్థిరపడ్డాయి. సంగీత చరిత్రకారులు రాగాలనూ స్వరజతులనూ, నాట్య చరిత్రకారులు అడవులనూ అభినయాన్నీ పరిశీలించారు. ఈ మూడు దృష్టులలోనూ వెనుకబడినవాడు ప్రేక్షకుడు. ఉత్సవానికి వచ్చి రాత్రంతా కూర్చున్నవాడు దేనికి తల ఊపాడు, దేనికి నవ్వాడు, ఎక్కడ మౌనం వహించాడు అన్న ప్రశ్నలు అరుదుగా వచ్చాయి.

భాష తెలియని సమాజంలో ఒక భాషా నాటకం బ్రతికినప్పుడు దానిలో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అన్నదానిని ప్రేక్షకుని వైపు నుండి, ప్రత్యేకించి హాస్యం ఆధారంగా, నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్సవ కాలం, ఉత్సవ స్థలం

మెలట్టూరు కావేరీ మైదానంలోని వరిసాగు గ్రామం. ఈ ప్రాంతపు సంవత్సరాన్ని నిర్ణయించేది నీరు. సాంబా పంట కోతలు పుష్య, మాఘ మాసాలతో ముగుస్తాయి. కావేరిలో కొత్తనీరు ప్రవేశించేది జ్యేష్ఠాషాఢాలలో. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయిన తరువాత జూన్ 12న నీరు విడుదల చేయడం ఆనవాయితీ అయింది. ఈ రెండింటి నడుమ వచ్చే వైశాఖం ఎండలు ముదిరిన కాలం, పొలం పనిలేని కాలం. భూస్వామ్యం గల అగ్రహారీకులకూ, వారి పొలాలలో పనిచేసే జనానికీ ఒకేసారి తీరిక దొరికే రోజులు అవి. పగటి ఎండకు వీథిలో నిలువ సాధ్యం కాదు. రాత్రి చల్లబడిన తరువాత ఆరంభమై తెల్లవారువరకు సాగే ప్రదర్శన ఆ ఋతువుకు తగినది. నృసింహావతారం సంధ్యాకాలంలో జరిగిందన్న పురాణ విశ్వాసం శాస్త్రపరమైన కారణాన్ని ఇస్తే, కావేరీ నీటి లెక్క లౌకికమైన కారణాన్ని ఇచ్చింది.

స్థల విన్యాసం కూడా గమనార్హం. రంగం ఆలయానికి అభిముఖంగా ఏర్పడుతుంది. గర్భగుడిలోని స్వామి నాటకాన్ని చూస్తాడన్నది సంప్రదాయ భావన. కనుక తొలి ప్రేక్షకుడు దైవం. దైవానికీ నటునికీ మధ్యనున్న వీథిలో, ఇరువైపుల ఇండ్ల అరుగులపై మానవ ప్రేక్షకులు కూర్చుంటారు. ఇక్కడ ప్రేక్షకుడు టిక్కెట్టు కొని వచ్చినవాడు కాడు, రాజు ఆహ్వానించిన సభాసదుడూ కాడు, ఉత్సవంలో భాగస్వామి. ఈ కారణం చేత అతనికి నాటకం ఎంత అర్థమైందన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ తోచలేదు. స్వామికి అన్ని భాషలూ తెలుసు.

తంజావూరు ఆస్థానంలో నవ్వు

మెలట్టూరులో తెలుగు ఎట్లా నిలిచిందో తెలియాలంటే తంజావూరు రాజ్యాన్ని స్మరించాలి. 1565లో విజయనగర పతనానంతరం తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో దక్షిణానికి తరలాయి. తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప నాయకుడు సుమారు 500 బ్రాహ్మణ కుటుంబాలకు ఇండ్లనూ భూములనూ దానం చేసి ఈ అగ్రహారాన్ని ఏర్పరచాడన్నది స్థానిక సంప్రదాయం. ఆయన పేరిట దీనిని అచ్యుతాబ్ధి, అచ్యుతపురం అని పిలిచారు. ఉన్నతపురి అన్నది మరొక పేరు. మెలట్టూరుతో పాటు సాలియమంగళం, ఊత్తుకాడు, శూలమంగళం, నల్లూరు, తేపెరుమానల్లూరు గ్రామాలలోనూ భాగవతమేళ వర్ధిల్లింది.

అదే కాలంలో తంజావూరు ఆస్థానంలో యక్షగానం మరొక దారిలో వికసించింది. విజయరాఘవ నాయకుని ఏలుబడిలో (1634–1673) రాజే స్వయంగా యక్షగానాలు రచించాడు. రంగాజమ్మ 'మన్నారుదాస విలాసము', పురుషోత్తమ దీక్షితుని 'అన్నదాన మహానాటకము' ఆ సభకు చెందినవి. అన్నసత్రానికి వచ్చే బ్రాహ్మణుల కోలాహలాన్ని నాటకీకరించిన పురుషోత్తమ దీక్షితుని రచన, సమకాలిక జీవితం హాస్య వస్తువు కాగలదని నిరూపించింది. మరాఠా రాజు శాహజీ (1684–1712) 'సతీదానశూరము'లో ఉత్సవం చూడవచ్చిన ఒక బ్రాహ్మణుడు అంత్యజ స్త్రీపై మోహపడి, వారించే శిష్యునితో శాస్త్రచర్చకు దిగుతాడు. ఆ నవ్వు సంపూర్ణంగా వాచికం మీద ఆధారపడినది. గురువు వాడే శాస్త్ర పరిభాషకూ అతని కోరికకూ మధ్యనున్న వైరుధ్యం చెవికి తెలిస్తేనే హాస్యం పండుతుంది. శాహజీ పేరిట ఉన్న 'పంచభాషా విలాస నాటకము' ఐదు భాషలను ఒకే రంగంపైకి తెచ్చింది. అట్టి రచన సాధ్యమైనదంటే, ఆ భాషలను పోల్చుకొని ఆనందించగల సభ ఒకటి ఎదుట కూర్చుని ఉన్నదన్న మాట.

ఆస్థానం పోషించిన హాస్యం ఈ విధంగా బహుభాషా పరిజ్ఞానం గల, ఎంపిక చేసిన ప్రేక్షకులకు ఉద్దేశించినది. గ్రామోత్సవ ప్రేక్షకుని స్థితి వేరు. అతడు ఎంపికైనవాడు కాడు, పండుగకు వచ్చినవాడు.

వేంకటరామశాస్త్రి నాటకాలు: సంగీతపు ప్రాధాన్యం

మెలట్టూరు మేళానికి నేటి రూపం ఇచ్చిన కవి మెలట్టూరు వేంకటరామశాస్త్రి. 18వ శతాబ్ది ఉత్తరార్ధం నుండి 19వ శతాబ్ది ఆరంభం వరకు ఆయన కాలం. త్యాగరాజుకు (1767–1847) పెద్ద సమకాలికుడు. 'ప్రహ్లాద చరిత్రము', 'హరిశ్చంద్ర', 'మార్కండేయ చరిత్రము', 'ఉషాపరిణయము', 'రుక్మాంగద', 'సీతాకల్యాణము', 'రుక్మిణీకల్యాణము', 'కంసవధ' మొదలైనవి ఆయన పేర ప్రచారంలో ఉన్నాయి. పాత్రప్రవేశ దరువు, సంవాద దరువు, ద్విపద, కందం, చూర్ణిక, వచనం వీటి అంగాలు. ఇదే గ్రామానికి చెందిన వీరభద్రయ్య స్వరజతి రచనలో ప్రసిద్ధుడు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులకు గురువు.

ఈ నాటకాలలో ప్రతి పాత్రా తన దరువుతో ప్రవేశిస్తుంది. ఎవరు వస్తున్నారో, ఎట్టివారో రాగం, నడక, అభినయం కలిసి తెలుపుతాయి. లీలావతి శోకానికి, హిరణ్యకశిపుని దర్పానికి, ప్రహ్లాదుని ప్రశాంతికి వేర్వేరు రాగాలు, కాలప్రమాణాలు ఉన్నాయి. ఆహిరి, ఘంట వంటి పాత రాగాల వాడుక ఈ సంప్రదాయంలో నిలిచి ఉండటం విద్వాంసుల దృష్టిని ఆకర్షించింది.

తెలుగు రాని ప్రేక్షకునికి ఈ పాట ఎట్లా చేరిందన్నది ఇక్కడ కీలక ప్రశ్న. దీనికి సమాధానం ఆ ప్రాంతపు శ్రవణ సంస్కారంలో ఉంది. సంగీత త్రిమూర్తులు ముగ్గురూ తిరువారూరులో జన్మించినవారే. వారిలో త్యాగరాజు, శ్యామశాస్త్రి ప్రధానంగా తెలుగులో రచించారు. కావేరీ తీరపు రసికుడు తరతరాలుగా తెలుగు కీర్తనలను వింటూ పెరిగాడు. పదం పదానికీ అర్థం తెలియకపోయినా తెలుగు అతనికి పాట భాషగా పరిచితం. దరువులోని తెలుగు అతనికి పరాయిగా తోచదు. కథ పురాణం నుండి ముందే తెలుసు. రాగం భావాన్ని చెప్పింది, హస్తాభినయం అర్థాన్ని చెప్పింది. ఈ మూడు ఊతలతో పాట భాషల మధ్యనున్న సరిహద్దును దాటింది.

కోణంగి: మాట అక్కరలేని హాస్యం

హాస్యానికి ఇట్టి ఊతలు లేవు. నవ్వు పుట్టవలసిన క్షణం మాట వినబడిన క్షణమే. ఆలోచించి అర్థం చేసుకొనేసరికి అది జారిపోతుంది. ఈ స్థితిలో మెలట్టూరు రంగంపై నవ్వించే బాధ్యత ఎవరిపై పడింది అని చూస్తే కోణంగి కనిపిస్తాడు.

భాగవతమేళలో తొలుత రంగంపైకి వచ్చేవాడు కోణంగి. కొనదేరిన టోపీతో, వింత వేషంతో, తుళ్ళిపడే నడకతో వస్తాడు. అతని రాకను గాయకులు పాడతారు, అతడు ఆడతాడు. అతని తరువాత తోడయమంగళం, ఆపై గణపతి వేషంలో బాలుని నృత్యం, కట్టియక్కారుని ప్రవేశం, అనంతరం కథ. కోణంగి చేయవలసిన పని ఒకటి ఉన్నది: ముచ్చట్లాడుకొంటున్న జనాన్ని నిశ్శబ్దపరచి రంగం వైపు తిప్పడం.

'కోణంగి' పదం తమిళంలోనూ తెలుగులోనూ ఉంది. హాస్యగాడు, వికటచేష్టలవాడు అన్న అర్థంలో తెలుగు నిఘంటువులు దీనిని గ్రహించాయి. 'కోణంగి వేషాలు' అన్న నుడి నేటికీ వాడుకలో ఉంది. తెలుగు నాట తోలుబొమ్మలాటలోని కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఇతనికి బంధువులు. అయితే ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. కేతిగాడు మాటకారి. రామాయణ కథ నడుమ చొరబడి, ఆ ఊరి సంగతులు ఎత్తి, బూతు కలిపి, ఆనాటి సమస్యను ఎగతాళి చేస్తాడు. మెలట్టూరు కోణంగి దేహంతో నవ్విస్తాడు. అతని భాష నడక, చూపు, లయ. ఆ కారణంగానే తెలుగు తెలిసినవాడూ, తెలియనివాడూ, పసిబిడ్డా ఒకేసారి నవ్వగలిగారు. గ్రామోత్సవంలోని భిన్న జనులను ఒకే ప్రేక్షక సమాజంగా కూర్చిన తొలి క్షణం అది.

భరతుని సిద్ధి సిద్ధాంతం వెలుగులో

ప్రేక్షకుని స్పందనను శాస్త్రీయంగా వర్గీకరించిన తొలి గ్రంథం నాట్యశాస్త్రమే. తొలి నాట్యప్రయోగం ఇంద్రధ్వజ మహోత్సవంలో జరిగిందని ప్రథమాధ్యాయం చెబుతుంది. అంటే నాట్యానికి జన్మస్థానంగా భరతుడు ఉత్సవాన్నే పేర్కొన్నాడు. 27వ అధ్యాయంలో ప్రయోగ సిద్ధిని మానుషి, దైవిక అని రెండుగా విభజించాడు. స్మితం, అర్ధహాసం, అతిహాసం, సాధువాదం మొదలైనవి మానుషీ సిద్ధికి వాచిక చిహ్నాలు. రంగస్థలం జనంతో నిండి ఉండి, శబ్దం గాని, క్షోభ గాని, ఉత్పాతం గాని లేకపోవడం దైవికీ సిద్ధికి లక్షణం.

ఈ విభాగం మెలట్టూరు రాత్రికి చక్కగా అన్వయిస్తుంది. రాత్రి మొదటి జామున కోణంగి నవ్వు పుట్టిస్తాడు. అది మానుషీ సిద్ధి. తెల్లవారుజామున స్తంభం నుండి నృసింహుడు వెలువడతాడు. నృసింహ పాత్రధారి ఉపవాస నియమంతో ఉంటాడు. అతడు ధరించే ముఖం పూజలందుకొనే పవిత్ర వస్తువు. దానిని ధరించిన తరువాత ఆవేశం కలుగుతుందన్న విశ్వాసంతో ఇతరులు అతనిని పట్టి నిలుపుతారు. ఆ సమయంలో వీథి అంతా స్తబ్ధమవుతుంది. ప్రేక్షకుడు భక్తుడై హారతి అందుకొంటాడు. ఇది దైవికీ సిద్ధి. కోణంగి కోరిన నిశ్శబ్దం రాత్రి చివర నృసింహుని ఎదుట పూర్ణరూపంలో సిద్ధిస్తుంది. హాస్యాన్ని ఈ ప్రయోగంలో కేవల వినోదాంశంగా, తొలగించదగిన అలంకారంగా భావించడం పొరపాటు. జనాన్ని చేరదీసే ఆ నవ్వు లేనిదే చివరి మౌనానికి తగిన సమాజం ఏర్పడదు.

పాఠం, ఆశువు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. వేంకటరామశాస్త్రి భక్తకవి, ఆయన నాటకాలు ఆలయోత్సవానికి అంగాలు. వాటిలో వాచిక హాస్యం తక్కువగా ఉండటానికి అనుష్ఠాన గాంభీర్యమే కారణం కారాదా? పైగా ఆయన కాలంలో అగ్రహారంలో తెలుగు సజీవంగానే ఉన్నది కదా?

ఆక్షేపణలో బలమున్నది. లిఖిత పాఠం మేరకు దానిని అంగీకరించాలి. కాని ఏ భాగవత ప్రదర్శనలోనైనా హాస్యం పాఠంలో కంటె ఆశువులో ఎక్కువగా నివసిస్తుంది. కూచిపూడి భామాకలాపం దీనికి మంచి సాక్ష్యం. సత్యభామ చేత భర్త పేరు చెప్పించడానికి మాధవి చేసే అల్లరి, కృష్ణుని తీసుకొని రావాలంటే ముక్కుపుడక ఇమ్మని చేసే బేరం, వీటికి మూలంలో ఉన్నది కొద్ది మాటలే. సూత్రధారుడు మాధవిగా మారి, ఆ రాత్రి ఎదుట కూర్చున్న వారి స్పందనను బట్టి ఆ కొద్ది మాటలను పెంచుతాడు. తెలుగు గ్రామంలో ప్రేక్షకుని నవ్వు నటునికి మరొక మాట అందిస్తుంది; ఆ మాట మరొక నవ్వును తెస్తుంది. ప్రహ్లాద కథలోనే చండామార్కుల బడి ఘట్టం తెలుగు వీథినాటకాలలో హాస్యానికి ఆలవాలం. గురువుల అయోమయం, శిష్యుల అల్లరి ప్రదర్శన ప్రదర్శనకూ మారుతుంటాయి.

ఆశువుకు ఇరువైపులా భాష కావాలి. నటుడు తెలుగులో ఆలోచించగలగాలి. ప్రేక్షకుడు తెలుగులో విని వెంటనే నవ్వగలగాలి. 1855లో రెండవ శివాజీ మరణంతో తంజావూరు మరాఠా రాజ్యం ముగిసి, రాజ్యం కంపెనీ పాలనలో కలిసిన తరువాత తెలుగుకు ఆస్థానాశ్రయం లేకపోయింది. తరాలు గడిచిన కొలదీ అగ్రహార కుటుంబాలలో తమిళమే వ్యవహార భాషగా బలపడింది. నటులు తెలుగు సంభాషణలను తమిళ లిపిలో వ్రాసుకొని కంఠస్థం చేయసాగారు. వర్గాక్షరాల భేదం లేని ఆ లిపిలో తెలుగు ఉచ్చారణను కాపాడినది గురుముఖంగా విన్న పాఠమే. ఇట్లు నేర్చిన భాషలో పాఠం అక్షరం తప్పకుండా నిలుస్తుంది. కొత్త మాట పుట్టదు. పైగా నేర్చిన మాటకు పవిత్రత చేరుతుంది. మంత్రంలా కాపాడవలసిన దానిని ఎవరూ పరిహాసానికి మార్చరు.

కనుక రెండు కారణాలూ వేర్వేరు కాలాలకు చెందినవి. పాఠంలోని గాంభీర్యం కవి కాలపు ఆలయధర్మం; ప్రయోగంలో ఆశువుకు తావు లేకపోవడం తరువాతి కాలపు భాషా పరిణామం. కూచిపూడి, మెలట్టూరు రెండూ భాగవత సంప్రదాయపు శాఖలే. రెండింటిలోనూ పురుషులే స్త్రీ పాత్రలు ధరించారు. రెండింటిలోనూ ప్రవేశ దరువులు ఉన్నాయి. ఒకచోట మాట పెరిగింది. మరొకచోట రాగం పెరిగి, మాట గడ్డకట్టింది. ఈ భేదానికి ప్రధాన కారణం ఎదుట కూర్చున్న ప్రేక్షకుడు.

నేటి ప్రేక్షకుడు

20వ శతాబ్దిలో మేళం క్షీణించి, మధ్యకాలంలో పునరుద్ధరణ పొందింది. భారతం నటేశయ్యరు వంటి పూర్వతరం ఆచార్యుల శిక్షణ, ఇ. కృష్ణయ్యరు వంటి కళాభిమానుల ప్రచారం ఇందుకు తోడ్పడ్డాయి. ఫలితంగా ఉత్సవానికి కొత్త ప్రేక్షకులు వచ్చారు: చెన్నై నుండి రసికులు, నాట్య పరిశోధకులు, విదేశీ విద్యార్థులు. నగరాలలో ఉద్యోగాలు చేసే మెలట్టూరు కుటుంబాలు వేసవి సెలవులలో పిల్లలతో ఊరికి చేరుతాయి. పూర్వం పొలం తీరిక నిర్ణయించిన కాలమే నేడు పాఠశాల సెలవులతో కుదిరింది. నూనె దివ్వెల స్థానంలో విద్యుద్దీపాలు, మైకులు వచ్చాయి.

ఈ ప్రేక్షకులలో ఒక్కొక్కరు ఒక్కొక్కదానికి వస్తారు. ఒకరు మొక్కు తీర్చుకొనడానికి, ఒకరు రాగం వినడానికి, ఒకరు స్త్రీవేషధారి అభినయం చూడడానికి. తెలుగు నాటకం కోసం వచ్చే తెలుగు ప్రేక్షకుడు వీరిలో అల్పసంఖ్యాకుడు. రాగం పాడినప్పుడు తలలూపే ఆ సభలో సంభాషణకు నవ్వు పుట్టదు. కోణంగి వచ్చినప్పుడు మాత్రం అందరూ నవ్వుతారు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. మెలట్టూరులో తెలుగు పాటగా, స్తోత్రంగా, నాటక పాఠంగా నిలిచింది, ఆశుహాస్యంగా నిలువలేదు. భాష మారే సమాజంలో మొదట మూగబోయేది పరిహాసం. పాటకు రాగమూ కథకు పురాణమూ తోడున్నట్లు పరిహాసానికి వేరే తోడు లేదు. దాని స్థానాన్ని దేహభాషతో కోణంగి నింపాడు. ఈ విధంగా హాస్యం ఒక భాష జీవస్థితిని కొలిచే సాధనంగా ఉపయోగపడుతుంది. 'ఇక్కడ తెలుగు ఉన్నదా?' అన్న ప్రశ్నకు వ్రాతప్రతి ఇచ్చే సమాధానం ఒకటి, ప్రేక్షకుని నవ్వు ఇచ్చే సమాధానం మరొకటి.

దీనిని నష్టంగా మాత్రమే లెక్కించరాదు. తమది కాని భాషలోని మాటలను అక్షరం జారకుండా తరతరాలుగా మోసిన నటుల శ్రద్ధ తెలుగువారు కృతజ్ఞతతో స్మరించవలసినది. అయితే తెలుగు పరిశోధన అక్కడి నుండి తెచ్చుకొన్నది ఇంతవరకు ఎక్కువగా పాఠాలనే. దక్షిణదేశ యక్షగానాల అధ్యయనంలో పాఠ పరిష్కరణతో పాటు ప్రదర్శన లేఖనం, తమిళ లిపిలోని నటుల ప్రతుల ఉచ్చారణ విశ్లేషణ, ప్రేక్షక స్పందన నమోదు చోటుచేసుకోవాలి. కోణంగి ఆటకు లిఖిత పాఠం ఆధారం కాదు గనుక, పట్టికలకు పరిమితమైన సాహిత్య చరిత్రకు అతడు అందడు. ఆ నటుల తరం ఉండగానే, వైశాఖ రాత్రి ఆ వీథిలో కూర్చుని చూచి వ్రాసుకొనవలసిన చరిత్ర అది.